గోదావరి కనబడే గది

“ఈ పళ్లెం ఎవరికోసమండీ?”

కన్యక అడగడం ఇది రెండోసారి. మొదటిసారి అడిగినప్పుడు జోగేశ్వరరావు అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటున్నాడు. ఇప్పుడూ దువ్వుకుంటూనే ఉన్నాడు. పాపిడి కుదిరి చాలాసేపైంది.

లాడ్జి గదిలో మంచం మీద, విప్పిన మూట ముందు కూర్చుని ఉందామె. పాప దువ్వెన ఎక్కడో పడిపోయిందని మంచం కింద తడుముతుంటే ఆ మూట చేతికి తగిలింది. మొన్న సోమవారం పాలకొల్లులో బస్సెక్కేటప్పుడు “అక్కకి కొత్త సామాను” అని ఆయన ఒళ్లో పెట్టుకున్న మూట. రావులపాలెంలో అరటిపళ్లు కొనడానికి దిగినప్పుడు కూడా చంకలోంచి దించలేదు.

అందులో స్టీలు పళ్లెం, గ్లాసు, దుప్పటి, రెండు జతల తెల్లగౌన్లు. పెద్దవాళ్ల గౌన్లు కావు. ఏడేళ్ల పిల్లవి.

పళ్లెం అంచున చుక్కలు చుక్కలుగా అక్షరాలు చెక్కి ఉన్నాయి. ‘చి. రామతులసి.’

పాలకొల్లు బజారులో వాళ్లది స్టీలుసామాను కొట్టు. ఎవరు బిందె కొన్నా, చెంబు కొన్నా, పేరు చెక్కేది జోగేశ్వరరావే. ఆ పనికి ఆయన మనిషిని పెట్టుకోలేదు. తులసిలో ‘సి’ గుడి కొంచెం పొడుగ్గా లాగి వదిలే చెయ్యి ఆయనది. ఊళ్లో సగం వంటిళ్లలో ఉంది ఆ చెయ్యి.

“మీరే చెక్కారు కదా. మీకు తెలియదా ఎవరికో?”

జోగేశ్వరరావు దువ్వెన కింద పెట్టాడు.

“పాపకి.”

“పాపకి ఇంట్లో పళ్లెం ఉందిగా.”

“ఇంట్లోకి కాదు.”

కిటికీ దగ్గర రామతులసి రెండు చేతులతో ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. దూరంగా వంతెన మీద రైలు పోతోంది. ఊచలు సన్నగా అదురుతున్నాయి. పాప వెనక్కి తిరిగి, తల్లి చూస్తోందా లేదా అని చూసి నవ్వింది. రైలు వచ్చిందని దానికి చేతులు చెప్పాయి. చెవులు ఏమీ చెప్పలేదు. పదినెలల పిల్లగా ఉన్నప్పుడు వచ్చిన జ్వరం వినికిడి పట్టుకుపోయింది.

“ఇంట్లోకి కాకపోతే?” అంది కన్యక.

“ఈ వీధి చివర మిషను వాళ్ల బడి ఉంది. చెవిటి పిల్లలకి. హాస్టలు కూడా అక్కడే. ఇవాళ చేర్చాలి.”

గదిలో ఫ్యాను తిరుగుతోంది.

“ఇవాళ కడియం వెళ్దామన్నారు” అంది కన్యక, తన గొంతు తనకే కొత్తగా ఉండగా. “తోటలు చూద్దాం, కనకాంబరం మొక్కలు కొనుక్కుందాం అన్నారు.”

“అన్నాను.”

“ఉదయాన్నే పాపకి తలంటు పొయ్యమన్నారు.”

“అన్నాను, కన్యకా.”

“నేను పోశాను” అందామె.

నెల తిరగలేదు. ఒకనాటి మధ్యాహ్నం భోజనం చేస్తూ చేస్తూ, “మూడు రోజులు రాజమండ్రి చూసొద్దాం” అన్నాడాయన. పెళ్లయిన పదకొండేళ్లలో ఆయన నోట ‘చూసొద్దాం’ అన్న మాట అదే మొదలు. తిరుపతి వెళ్లినా మొక్కుకే వెళ్లారు. రాజమండ్రి వెళ్లినా ఆడపడుచు సత్యలక్ష్మి ఇంట్లో పురుడో పుణ్యకార్యమో ఉంటేనే.

“వదినగారింట్లోనేగా దిగడం?” అంది తను.

“వద్దు. అక్కడికెళ్తే నువ్వు మళ్లీ వంటింట్లో పడతావు. ఈసారి లాడ్జిలో గది తీసుకుందాం. నీ చేతికి మూడు రోజులు సెలవు.”

ఆ మాట కొంగున కట్టుకుని తిరిగింది కన్యక. సొంత అక్క ఊళ్లో ఉండగా లాడ్జిలో దిగితే నలుగురూ నవ్వుతారని తెలుసు. వదినగారు ఆరునెలలు మాట్లాడరనీ తెలుసు. అయినా ఆయన తనకోసం ఆ నింద మోయడానికి సిద్ధపడ్డాడు గదా అని మురిసిపోయింది.

మర్నాడు కొట్టు బిల్లుకాగితం మీద మూడు లాడ్జీల పేర్లు రాసుకొచ్చాడు.

“ఇది స్టేషను పక్కన. గదులు బాగుంటాయిట. కాని పొద్దస్తమానం రైళ్ల మోత. పాపకి నిద్రపట్టదు.”

“పాపకి మోతేంటండీ!” అని నవ్వింది తను.

ఆయన నవ్వలేదు. రెండో పేరు మీద వేలు పెట్టాడు.

“ఇది కోటిపల్లి బస్టాండు ఎదురుగా. కిందే భోజనం. కాకపోతే దుమ్ము, దోమలు. ఇక ఇది గోదావరి గట్టు దగ్గర. మేడమీద గది అడిగితే కిటికీలోంచి గోదావరి కనబడుతుందిట. రేవుకి నడిచి వెళ్లొచ్చు. లాంచీ ఎక్కేచోటికి నడిచి వెళ్లొచ్చు. బజారుకి రిక్షా కూడా అక్కర్లేదు. ఆపైన నీ ఇష్టం.”

నీ ఇష్టం అన్నాడు. ఆ కాగితం ముందు పెట్టుకుని, పరీక్ష రాసే పిల్లలా ఓ పూటంతా ఆలోచించి, మూడో పేరు కింద గీత గీసింది కన్యక. “కార్డు నేను రాస్తాను” అంటే, “అక్కర్లేదు, నేను కబురంపిస్తాలే” అన్నాడు.

ఇప్పుడు ఆ గది నాలుగు గోడలూ తన మీదికి జరిగినట్టుంది.

“ఎన్నాళ్ల నుంచి?” అని అడిగింది.

“మాఘమాసం నుంచి ఉత్తరాలు నడుస్తున్నాయి.”

“కొట్టు ఉత్తరాలన్నీ నేనే రాస్తాను. ఇవి ఎవరు రాశారు?”

“నేనే. జవాబులు అక్క ఇంటికి రప్పించుకున్నాను.”

“రెండేళ్ల కిందట క్షీరారామంలో ఏమన్నారు మీరు? స్వామి ఎదురుగా నిలబడి, నీ నోటి మాట లేకుండా పాపని గడప దాటించను అన్నారు. నేను అడగలేదు. మీరే అన్నారు.”

జోగేశ్వరరావు కుర్చీలో కూలబడ్డాడు. మనిషి పొడగరి. కూర్చుంటే సగమైపోయాడు.

“కార్తీకంలో ఒకరోజు పాప నాతో కొట్టుకొచ్చింది, గుర్తుందా? మోకాలు గీరుకుపోతే, ఆడుకుంటూ పడిందని చెప్పాను. పడలేదు. లారీ వచ్చింది. హారను కొట్టాడు వాడు. బజారు బజారంతా విన్నది. దుకాణాల్లోవాళ్లు లేచి నిలబడ్డారు. అది మాత్రం రోడ్డు మధ్యన గాజుపెంకు ఏరుకుంటోంది. నేను దూకి లాగాను కాబట్టి సరిపోయింది.”

“నాతో చెప్పలేదే.”

“చెబితే మర్నాటి నుంచి దాన్ని గదిలో పెట్టి గొళ్లెం వేస్తావు.”

నిజమే. వేసేదే. ఆ నిజం ఆయన నోటి నుంచి రావడమే ఆమెకు సహించలేదు.

“నువ్వూ అదీ ఓ యాభై సైగలు చేసుకుంటారు. ముక్కుపుడక ముట్టుకుంటే నువ్వు. పిడికిలి మీద కొడితే నేను. పొట్ట మీద చెయ్యేస్తే ఆకలి. అంతవరకూ బాగానే ఉంది. నువ్వు లేనినాడు దాని మాట ఎవరికి అర్థమవుతుంది? నాకే సగం తెలియదు.”

“నేర్చుకోలేదు కాబట్టి తెలియదు. అదేం వేదమా? పక్కన కూర్చుంటే వస్తుంది.”

“నేను చేసింది తప్పే. కాని నీకు చెబితే ఒప్పుకోవు.”

“ఒప్పుకోనని తెలిసే చేశారన్న మాట” అంది కన్యక మెల్లగా. “అది తెలియక చేసుంటే బాగుండేదండీ.”

తలుపు కొట్టారు.

వచ్చింది సత్యలక్ష్మి. జోగేశ్వరరావుకి అక్కగారు. చేతిలో నాలుగు గిన్నెల క్యారేజీ. మేడ మెట్లెక్కిన ఆయాసంతో గుమ్మంలో ఒక్క క్షణం నిలబడింది. మంచం మీద విప్పి ఉన్న మూట చూసింది. తమ్ముడి మొహం చూసింది.

“తెలిసిపోయిందా?” అంది.

కన్యక తలెత్తి చూసింది. ఆ ఒక్క మాటతో వదినగారి మీద ఉన్న ఆఖరి ఆశ కూడా పోయింది.

“పాపకిష్టమని బొబ్బట్లు చేసుకొచ్చాను” అంటూ సత్యలక్ష్మి క్యారేజీ బల్ల మీద పెట్టింది. మూత తీసి, మళ్లీ పెట్టింది. “కన్యకా, నా మాట విను. నేను దీనికి ఇష్టపడలేదు. వీడు మొదట మా ఇంట్లోనే దిగుతానన్నాడు. నేనే కుదరదన్నాను. కన్నతల్లికి చెప్పకుండా పిల్లని విడదీసే పని నా గడపలో జరగడానికి వీల్లేదని మొహం మీదే చెప్పాను. అడుగు వాణ్ణి.”

కన్యక కళ్లు మంచం మీంచి గోడల మీదికి, గోడల మీంచి కిటికీలోని గోదావరి మీదికి వెళ్లి ఆగాయి.

తన చేతికి సెలవు కాదు. వదినగారు ఇల్లు ఇవ్వలేదు. లాడ్జి అందుకు.

“వదినగారూ, ఆయనకి మొహం మీద చెప్పారు. నాకొక్క కార్డుముక్క రాయడానికి మీకేం అడ్డమొచ్చింది?”

“తమ్ముడు ఒట్టు పెట్టాడమ్మా.”

“మీ గడప మైలపడకుండా చూసుకున్నారు. నా సంగతి మీకు పట్టలేదు.”

“అంత మాటనకు.”

“అత్తయ్యగారికి తెలుసా?”

అక్కా తమ్ముడూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపే జవాబు.

బయల్దేరిన రోజు అత్తగారు మాణిక్యాంబ పాపని ఒళ్లోంచి దింపలేదు. మూడు రోజుల ప్రయాణానికి ఇంత ఏడుపేంటి, ముసలితనం కాబోలు అనుకుంది కన్యక. పైగా తనే కొంగుతో ఆవిడ కళ్లు తుడిచి, “ఇట్టే వచ్చేస్తాం అత్తయ్యా” అని ధైర్యం చెప్పింది. తనని అంత తేలిగ్గా, అంత ప్రేమగా, అందరూ కలిసి మోసం చేశారు.

నిన్న ధవళేశ్వరం ఆనకట్ట మీద పాపని భుజాల మీద ఎక్కించుకుని నడిచాడాయన. ఎన్నడూ లేనిది రెండు గ్లాసులు రోజ్‌మిల్క్ తాగనిచ్చాడు. గట్టు మీద ముగ్గురూ కూర్చున్నప్పుడు, “ఇలాంటి రోజు ఇంకోటి రాదు” అన్నాడు. తను సంతోషంతో తల ఊపింది. ఆయన దేని గురించి అన్నాడో ఇప్పుడు అర్థమైంది.

కన్యక లేచింది. పాప దగ్గరికెళ్లి మోకాళ్ల మీద కూర్చుని, గౌను బొత్తాలు సరిచేసింది. తన సంచీలో తన చీరలు, పాప బట్టలు కుక్కింది. కొత్త మూట ముట్టుకోలేదు.

“ఎక్కడికి?” అన్నాడు జోగేశ్వరరావు.

“బస్టాండుకి. మా ఇంటికి.”

“కన్యకా, బడిలో చేర్చుకునేది సాయంత్రం అయిదింటి వరకే...”

“అక్కాతమ్ముళ్లు భోంచెయ్యండి. బొబ్బట్లు చల్లారిపోతాయి.”

కింద బల్ల దగ్గర లాడ్జి గుమాస్తా లెడ్జరు మూసి లేచి నిలబడ్డాడు. నుదుట విభూది పెట్టుకున్న పెద్దాయన. వచ్చిన రోజు నుంచీ పాప కనబడితే చాలు, అరచెయ్యి ఊపి నవ్వుతాడు.

“రిక్షా ఎక్కడ దొరుకుతుందండీ?”

“ఈ వీధి చివరికి వెళ్లాలమ్మా, బడి గేటు దగ్గరే ఆగుతాయి. పాపాయిని దింపడానికేనా?” అన్నాడాయన మామూలుగా. “మంచిపని చేశారు. మా దగ్గర దిగేవాళ్లలో చాలామంది ఆ బడికొచ్చే తల్లిదండ్రులే. జూన్ వచ్చిందంటే మేడమీద గదులు వాళ్లకే అట్టేపెడతాం. మీవారు మే పదో తారీకుకే ఉత్తరం రాసేశారు కాబట్టి గోదావరి వైపు గది దొరికింది.”

మే పదో తారీకు. తను ఆ బిల్లుకాగితం మీద గీత గీసింది నెలాఖరులో.

తను పూటంతా ఆలోచించిన ఆ ఆలోచన, స్టేషనా బస్టాండా అని తనలో తను పడ్డ ఆ తర్జనభర్జన, ఆఖరికి గోదావరి కావాలని అన్నప్పుడు ‘బాగా ఎంచావు’ అని ఆయన ఇచ్చిన మెప్పు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. చంటిపిల్ల చేతికి తాళంచెవుల గుత్తి ఇచ్చి ఆడుకోమన్నట్టు ఇచ్చాడన్న మాట.

పాప చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిచింది. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. వీధి చివర ఎర్రపెంకుల మేడ, తీగ కంచె, ఇనప గేటు. గేటు ముందు రిక్షా ఒక్కటీ లేదు.

కన్యక ముందుకి అడుగేసింది. చెయ్యి వెనక్కి లాగింది.

రామతులసి కంచె దగ్గర ఆగిపోయింది.

లోపల గన్నేరు చెట్ల నీడన పదిహేను ఇరవై మంది పిల్లలున్నారు. అందరివీ తెల్లగౌన్లు, తెల్లచొక్కాలు. చప్పుడు లేదు. కాని ఆ పిల్లలు ఊరుకుని లేరు. వాళ్ల చేతులు గాల్లో ఎగురుతున్నాయి. ఒకడు వేళ్లతో ఏదో చెబితే నలుగురు కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. ఇద్దరు పోట్లాడుకుంటున్నారు. పోట్లాట కూడా చేతుల్తోనే, కొట్టుకోకుండా.

రామతులసి నోరు తెరుచుకుని చూస్తోంది. ఏడేళ్లలో ఆ పిల్ల మొహం మీద అలాంటి చూపు కన్యక చూసి ఎరగదు.

“లోపలికి రండమ్మా, ఎండలో ఎందుకు?”

గేటు తీసింది ఒకావిడ. నేత చీర, తెల్లటి జాకెట్టు, మెడలో నల్లదారం ఒక్కటి. “నా పేరు దీనమ్మ. ఇక్కడ వార్డెన్ని. పాలకొల్లు వాళ్లే కదూ? రామతులసి?”

పాప అప్పటికే తల్లి చెయ్యి విడిపించుకుని గేటు దాటింది.

“మేం ఊరెళ్లిపోతున్నామండీ. రిక్షా కోసం వచ్చాం” అంది కన్యక.

దీనమ్మ ఆమె చేతిలోని సంచీ చూసింది. మొహం చూసింది. “ఒక్క నిమిషం కూర్చోండి. మంచినీళ్లు తాగి వెళ్దురు గాని” అని వరండాలో బెంచీ చూపించింది.

మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చి, తను కూడా పక్కనే కూర్చుంది.

“మీతో చెప్పకుండా తీసుకొచ్చారా?”

కన్యక గ్లాసు బెంచీ మీద పెట్టింది. అంతవరకూ రాని కన్నీళ్లు, ముక్కూమొహం తెలియని మనిషి ఒక్క మాట అడిగేసరికి వచ్చాయి.

దీనమ్మ ఓదార్చలేదు. లేచి లోపలికెళ్లి ఒక అట్ట ఫైలు తెచ్చింది. “మా నిబంధన ఒకటుందమ్మా. తల్లి సమ్మతి లేకుండా పిల్లని చేర్చుకోం. తండ్రి ఒక్కడే తెచ్చి వదిలేసి పోయిన పిల్లలున్నారు మా దగ్గర. అప్పట్నుంచీ పెట్టుకున్నాం. మీ దరఖాస్తులో మీ సమ్మతి ఉంది. అందుకని అడుగుతున్నాను.”

ఫారం అడుగున తండ్రి సంతకం. దాని పక్కన ‘తల్లి’ అన్నచోట నీలం రంగు వేలిముద్ర.

కన్యక దాని వంకే చూస్తూ ఉంది.

నరసాపురంలో ఎస్సెస్సెల్సీ ఫస్టుక్లాసులో పాసయింది తను. వీధిలో ఆడవాళ్లకి వారం వారం పత్రికల్లో సీరియళ్లు చదివి వినిపించేది తను. మద్రాసు హోల్‌సేలు వాళ్లకి ఇంగ్లీషులో ఉత్తరాలు రాసేది తను.

“ఈ వేలు నాది కాదండీ” అంది. “నాకు సంతకం వచ్చు.”

దీనమ్మ మొహంలో రంగు మారింది. అప్పుడే గేటు చప్పుడైంది. జోగేశ్వరరావు మూట చంకన పెట్టుకుని, చెమటలు కక్కుతూ వస్తున్నాడు. మెట్ల దగ్గరికి వచ్చి, భార్య చేతిలో ఫారం చూసి ఆగిపోయాడు.

“ఎవరిదండీ ఈ వేలు?” అంది కన్యక. “అత్తయ్యగారిదా? వదినగారిదా?”

ఆయన మూట మెట్టు మీద దించాడు.

“నాదే.”

“నా సంతకం మీరు రోజూ చూస్తారు. అది పెట్టలేకపోయారా?”

“కలం పట్టుకున్నాను. చెయ్యి రాలేదు, కన్యకా. నీ పేరు నేను రాయలేకపోయాను.”

“అందుకని వేలు పెట్టారు.”

“జోగేశ్వరరావుగారూ” అంది దీనమ్మ. గొంతు పెంచలేదు, కాని ఆ గొంతుకి వరండాలో చీపురు పట్టుకున్న ఆయా కూడా తిరిగి చూసింది. “మీరు పెద్దమనిషి అనుకున్నాం. ఈ కాగితం చెల్లదు. ఇలా తెచ్చిన పిల్లని నేను తీసుకోను.” ఆ ఫారం అడ్డంగా చింపి, ఫైల్లోంచి ఇంకో ఖాళీ ఫారం తీసి, కన్యక ఒళ్లో పెట్టింది. “ఇది మీకమ్మా. రాస్తే మీరే రాయాలి. రాయకపోతే మీ పాపని తీసుకుని హాయిగా వెళ్లండి. ఎవరూ ఆపరు.”

జోగేశ్వరరావు మెట్టు మీదే కూర్చున్నాడు.

పాప ఎక్కడుందా అని చూసింది కన్యక. గన్నేరు చెట్టు కింద పన్నెండేళ్ల పిల్ల ఒకతె రామతులసి ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉంది. చుట్టూ అయిదారుగురు. ఆ పెద్దపిల్ల రామతులసి గడ్డం మీది పుట్టుమచ్చని చూపుడువేలితో ముట్టుకుని, ఆ వేలిని గాల్లో చిన్న సున్నాలా తిప్పింది. మిగతా పిల్లలు కూడా అలాగే చేశారు. రామతులసి అందరినీ చూసింది. తర్వాత తన గడ్డం తనే ముట్టుకుని, వేలు తిప్పింది.

అంతే. గిరుక్కున తిరిగి, పరుగెత్తుకుంటూ వరండాకి వచ్చింది. తల్లి ముందు నిలబడి అదే సైగ చేసింది. ఒకసారి, రెండుసార్లు. ఆత్రంగా.

కన్యకకి అర్థం కాలేదు.

ఆకలి కాదు. దాహం కాదు. నొప్పి కాదు. తను నేర్పిన యాభైలో ఏదీ కాదు. తన కూతురు తనతో ఏదో చెబుతోంది, అదేమిటో తనకి తెలియడం లేదు.

“ఏమంటోందండీ ఇది?” అని దీనమ్మని అడిగింది. ఆ ప్రశ్న నోట్లోంచి వచ్చాక నాలుక చేదెక్కింది. తన బిడ్డ మాటకి అర్థం పరాయిమనిషిని అడగడం అదే మొదటిసారి.

“తన పేరు చెబుతోందమ్మా” అంది దీనమ్మ. “ఇక్కడ పిల్లలు కొత్తగా వచ్చినవాళ్లకి పేరు పెడతారు. పుట్టుమచ్చ ఉందిగా, అదే దాని పేరు. మీరేమని పిలుస్తారు ఇంట్లో?”

“రామ...” అని ఆగిపోయింది కన్యక.

ఏమని పిలిచింది? భుజం తట్టింది. నేల మీద కాలితో కొట్టింది. చెయ్యి ఊపింది. తనకి ముక్కుపుడక ఉంది, తండ్రికి పిడికిలి ఉంది, ఆకలికీ అన్నానికీ కుక్కపిల్లకీ కూడా సైగలున్నాయి. బారసాలనాడు బియ్యంలో రాయించిన ఆ పేరు, ఊహ తెలిశాక ఆ పిల్లకి ఎన్నడూ వినబడలేదు. తనకో పేరుందన్న సంగతే ఈ ఏడేళ్లూ దానికి తెలియదు.

పాప ఇంకా ఎదురుచూస్తోంది. కన్యక చూపుడువేలితో ఆ పుట్టుమచ్చ ముట్టుకుని, గాల్లో సున్నా తిప్పింది. రామతులసి ఎగిరి గంతేసి, చెట్టు కిందికి పరుగెత్తింది.



“కలం ఇస్తారా అండీ?” అంది కన్యక.

ఫారం నింపడానికి పావుగంట పట్టింది. ప్రతి గడీ తనే రాసింది. పాప ఏం తింటుంది, దేనికి భయపడుతుంది అన్నచోట కాగితం చాలక వెనక వైపు కూడా రాసింది. చివర తల్లి అన్నచోట పూర్తి పేరుతో సంతకం పెట్టింది. తండ్రి అన్నచోటు ఖాళీగా వదిలేసి, ఫారం దీనమ్మకిచ్చింది.

జోగేశ్వరరావు లేచి నిలబడ్డాడు. కళ్లనిండా నీళ్లు. “నాకు తెలుసు కన్యకా, నువ్వు చూస్తే కాదనవని...”

“చూపించి ఉంటే కాదనేదాన్ని కానేమో. ఆ సంగతి ఇక మీకూ తెలియదు, నాకూ తెలియదు.”

“సరే, తప్పు నాదే. ఇంటికెళ్లాక ఎన్ని మాటలన్నా పడతాను. పద. రెండింటి బస్సు...”

“పాలకొల్లు బస్సు మీరెక్కండి.”

“అంటే?”

“గది రేపు మధ్యాహ్నం దాకా ఉంది కదా, నేనుంటాను. మీ సామాను తీసేసుకుని తాళం కింద ఇచ్చి వెళ్లండి.” ఆమె గొంతులో కోపం లేదు. అదే ఆయన్ని భయపెట్టింది. “పాపని ఇక్కడ చేర్చింది నేను. మీరు కాదు. అది ఎలా ఉందో రేపు పొద్దున్న వచ్చి చూసుకుంటాను.”

“రేపు సరే. ఎల్లుండి?”

కన్యక సంచీ భుజానికి తగిలించుకుంది.

“ఎల్లుండి ఎక్కడుంటావు, కన్యకా? అక్క ఇంటికి వెళ్లవు. మీ అమ్మానాన్నలు లేరు. ఎక్కడుంటావు?”

ఆమె అప్పటికే మెట్లు దిగింది. గేటు దాటి, గట్టు వైపు తిరిగింది. ఆ ప్రశ్న విననట్టే నడిచింది గాని, విన్నది. జవాబు మాత్రం ఆమెకీ తెలియదు.